నీళ్లు తాగని మొక్క

సంపూర్ణ మా పక్క వాటాలో కిరాయికి దిగిన రోజు ఆమె సామానంతా ఒక్క ఎడ్లబండిలో వచ్చింది. ఒక డాల్డా డబ్బాను మాత్రం సామాన్లలో వేయకుండా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా పొదివి పట్టుకుని తెచ్చుకుంది. నేను పచ్చడో నెయ్యో అనుకున్నాను. మా అత్తయ్య సీతారావమ్మ అంత తేలిగ్గా అనుకునే మనిషి కాదు. సంపూర్ణ బండి దిగేలోపే మెడ చాచి డబ్బాలోకి తొంగి చూసింది.

లోపల ఇసక. ఇసకలో పిడికిలంత పచ్చటి గుండ్రటి ముద్ద. దానికి ఆకు లేదు, కొమ్మ లేదు, ఒళ్లంతా తెల్లటి ముళ్లు.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది అత్తయ్య.

"ఎడారి మొక్క, పెద్దమ్మా. మా తమ్ముడు జోజి మిలట్రీల ఉన్నడు, రాజస్థాన్ల. పోయినసారి లీవుకొచ్చినప్పుడు నాకోసం తెచ్చిండు."

"ముళ్ల చెట్టు కంచెకి పెట్టుకుంటారు గానీ గడప పక్కన పెట్టుకుంటారా ఎవరైనా?"

"చిన్నదే గద. అరుగు మీద ఓ మూలకుంటది, ఎవరికీ అడ్డం రాదు."

అత్తయ్య ఇంకేమీ అనలేదు. ఆమె అనకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో కాపురం చేస్తున్న నాకు తెలుసు గానీ, అప్పుడే బండి దిగిన సంపూర్ణకి ఎలా తెలుస్తుంది?

అది ఎనభై ఏడు ఎండాకాలం. మా వాళ్లది గుంటూరు వైపు. మామగారి హయాంలో కారేపల్లి వచ్చి, అడవి అంచున భూములు కొని మిరప వేశారు. మామగారు పోయాక సేద్యమంతా మా ఆయన వెంకటనారాయణ మీద పడింది. ఆయన పొద్దున్నే చేలోకి పోతే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి. పగలంతా ఇంట్లో మిగిలేది నేనూ, అత్తయ్యా, ఆమె అనుమానాలూ. సంపూర్ణ గవర్నమెంటు నర్సు. టేకులపల్లి వైపు అడవి ఊళ్లన్నీ తిరిగి సూదులు వేసి, కానుపులు చేసి, బస్సు దొరికినప్పుడు ఇంటికొచ్చేది. కిరస్తానీ మనిషికి వాటా ఇవ్వడం అత్తయ్యకి ఇష్టం లేదు. మా ఆయనే పట్టుబట్టి ఇప్పించాడు. నా కోసమే. అప్పటికి నాకు మూడో నెల.

అంతకు ముందు రెండుసార్లు నా కడుపు నిలవలేదు. మొదటిది మూడో నెల దాటక ముందే రక్తమైపోయింది. రెండోది ఏడో నెలలో పుట్టి ఏడవలేదు. ఆ బిడ్డని పాత చీరలో చుట్టి తీసుకెళ్లింది అత్తయ్యే. తిరిగొచ్చి స్నానం చేసి, వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. ఎంత బతిమాలినా అన్నం ముట్టలేదు. ఆమె గయ్యాళిదని ఊరంతా అంటుంది, నేనూ అంటాను. కానీ అప్పుడు ఆమెని చూసింది నేనొక్కదాన్నే. నర్సు గోడ పక్కనే ఉంటే ఈసారైనా బిడ్డ దక్కుతుందని మా ఆయన ఆశ. నా ఆశ కూడా అదే, పైకి అనడానికి భయం.

సంపూర్ణ ఆ మొక్కకి చేసే సేవ చూస్తే నాకు నవ్వొచ్చేది. పొద్దుటి ఎండ తగిలేలా అరుగు తూర్పు మూలన పెట్టేది. ఒక్క వైపుకే ఒరిగి పెరుగుతుందని డబ్బాని రోజూ కాస్త తిప్పేది. ముళ్ల మధ్య దుమ్ము పడితే రంగులేసే కుంచెతో దులిపేది. వాన చినుకు పడితే ఆరేసిన చీర సంగతి తరవాత, ముందు డబ్బా లోపలికి పోవాలి. డబ్బా అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి, ఇటుక పెంకులూ బొగ్గు ముక్కలూ పరిచి, ఆ పైన ఇసక పోసింది. ఇంత చేసిన మనిషి నీళ్లు మాత్రం పోయదు.

మా ఇంట్లో మొక్కలకి నీళ్లు పడందే మనుషులకి అన్నం పడదు. తులసికి చెంబుడు నీళ్లు, కరివేపాకుకి పులిసిన మజ్జిగ, మల్లెకి బియ్యం కడిగిన నీళ్లు. అత్తయ్య ఎవరి వాటా వాళ్లకి పంచి గానీ కాఫీ తాగదు. అలాంటి ఆమె కళ్ల ముందు, రోళ్లు పగిలే ఎండలో, ఆ ముళ్ల ముద్ద చుక్క నీరు లేకుండా కూర్చుంది. మా మల్లె వాడింది, కరివేపాకు రాల్చింది. అది మాత్రం నిగనిగలాడుతోంది.

"నీళ్లు తాగకుండా ఏ చెట్టూ బతకదు," అంది అత్తయ్య ఓ మధ్యాహ్నం మిరపకాయల తొడిమలు తీస్తూ. "ఇది నీళ్లు తాగట్లేదు. మరేం తాగి బతుకుతోందంటావు?"

నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. అత్తయ్య అది చూసింది. చూసి, తొడిమలు తీయడంలో పడిపోయింది.

నేను హైస్కూలు దాకా చదివాను. చేతబడులూ గట్రా నమ్మే మనిషిని కాదని నా గురించి నేను అనుకునేదాన్ని. అయినా ఆ మాట విన్నాక అరుగు పక్కనుంచి నడిచేటప్పుడు కొంగు కడుపు మీదికి లాక్కోకుండా నడవలేకపోయాను.

తొలకరి పడ్డాక సంపూర్ణ నన్ను తన వాటాలోకి పిలిచింది. వేలికి సూది గుచ్చి, సన్నటి గాజు గొట్టంలోకి రక్తం పీల్చింది. సీసాలో నా మూత్రం తెమ్మని, దాన్ని గాజు కుప్పెలో పోసి స్పిరిటు దీపం మీద కాచింది. తెల్లగా విరుగుతుందేమో చూడాలట. నాకు తెలిసి ఈ పరీక్షలు ఖమ్మంలో పెద్ద దవాఖానాలోనూ చేస్తారు. కానీ పిట్టగోడ మీంచి చూస్తున్న అత్తయ్యకి కనబడినదేమిటి? పరాయి మనిషి తన కోడలి నెత్తురు తీసి దాచుకుంది, తన కోడలి ఉచ్చ పొయ్యి మీద పెట్టి కాచింది.

"అంతా మంచిగనే ఉంది, హైమా. రక్తమే తక్కువుంది," అని సంపూర్ణ ఎర్రటి మాత్రలు ఇచ్చింది. "రోజూ ఒకటి మింగు. మరిచిపోకు."

మర్నాడు పొద్దున ఆమె మందుల చుక్కలేసే గొట్టంతో ఆ మొక్క చుట్టూ ఇసకలో చుక్కలు చుక్కలుగా ఏదో వదిలింది. పెదాలు కదుపుతూనే ఉంది. బహుశా ప్రార్థన చేసుకుంటోందేమో, ఆమె ఏ పని చేస్తున్నా చేసుకునేది. ఆ చుక్కలు నీళ్లేనని నేను అనుకున్నాను. అత్తయ్య ఏమనుకుందో అడగలేదు.

వారం తిరక్కముందే మొక్క నెత్తిన, తెల్లటి ముళ్ల మధ్య, ఎర్రటి చుక్క తేలింది.

"చూశావా," అంది అత్తయ్య నా చెవి దగ్గర. "నీ వేలి నుంచి తీసింది అక్కడ తేలింది."

సాయంత్రం ఆగలేక సంపూర్ణని అడిగేశాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మొగ్గ. దీనికి మంచిగ అనిపిస్తేనే పూస్తదని జోజి చెప్పిండు. నా దగ్గర ఇదే మొదటిసారి."

ఆమె చెప్పిన తీరులో తడబాటు లేదు. అంత తడబాటు లేకుండా ఎలా చెప్పగలిగిందా అని నాకు అదొక అనుమానం. అనుమానం పట్టుకున్నాక అంతే, జవాబు ఆలస్యమైతే దాస్తున్నట్టు, వెంటనే వస్తే ముందే తయారు చేసుకున్నట్టు.

ఆ తరవాత అత్తయ్య రెండు పనులు మొదలుపెట్టింది. ఒకటి, నా ఎర్రటి మాత్రలు తీసుకెళ్లి పెరట్లో తూములో పారేసింది. రెండోది కళ్లాపి. రోజూ తెల్లారకుండానే వాకిట్లో పేడనీళ్లు చల్లడం ఆమెకి అలవాటే. ఇప్పుడు సంపూర్ణ బస్సు ఎక్కిందని తెలిశాక రెండోసారి పేడ కలిపి, బకెట్ పట్టుకుని పక్క వాటా వైపు పోయేది. అరుగు మూలకి వచ్చేసరికి దోసిలి నిండా తీసి ఆ మొక్క నెత్తిన పోసేది. చెడ్డదేదైనా ఉంటే పేడనీళ్లకి విరుగుతుందని ఆమె లెక్క. సాయంత్రానికి పైన ఆరిపోయేది. లోపల ఇసక ఆరేది కాదు.

నేను కిటికీలోంచి రోజూ చూశాను. ఒక్కరోజూ వద్దనలేదు. అత్తయ్యకి భయపడి అనలేదని చెప్పొచ్చు గానీ అది అబద్ధం. అది చస్తే బాగుండునని నాకూ ఉంది.

శ్రావణం వెళ్లేసరికి మొగ్గ రాలిపోయింది. నిగనిగలాడే పచ్చదనం పసుపు తిరిగింది. మొదలు దగ్గర మెత్తబడి, గోధుమరంగు చెమ్మ ఊరింది. సంపూర్ణ డబ్బా ముందు గొంతుక్కూర్చుని, వంగి వాసన చూసింది. తల ఎత్తి మా మిరప గోదాం వైపు చూసింది. అక్కడ ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలుంటాయని ఊళ్లో ఎవరికైనా తెలుసు.

"హైమా, దీని మీద ఎవరన్నా మందు కొట్టిండ్రా?"

"లేదక్కా."

"నీళ్లు పోసిండ్రా?"

"నాకు తెలియదు."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "నువ్వు గోలీలు మింగుతున్నవా?"

"మింగుతున్నా," అన్నాను.

ఆ రోజు నుంచి మేం రోజూ పంపే మజ్జిగ ఆమె పుచ్చుకోలేదు. కడుపులో బాగాలేదని ఒకసారి, పడిశమని ఒకసారి గిన్నె తిప్పి పంపింది. బయటికి పోయేటప్పుడు వంటగదికి వేరే తాళం వేయడం మొదలుపెట్టింది. ముళ్ల మొక్కకి విషం పెట్టినవాళ్లు తనకి మాత్రం పెట్టరా అనుకుందేమో. "చూశావా, తప్పు చేసినవాళ్లకే భయం," అంది అత్తయ్య. గోడకి అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చేతివైపు ఒకరు చూస్తూ బతికారు. మధ్యలో నా కడుపు పెరుగుతూ పోయింది.

ఏడో నెల వచ్చేసరికి నా పాదాలు వాచాయి. గాజులు బిగిసిపోయాయి. పొద్దున లేవగానే తల బండరాయిలా ఉండేది. ఏడో నెల అంటేనే ఆ ఇంట్లో అందరికీ ఊపిరాడదు. అత్తయ్య రాత్రిళ్లు నా పక్కనే పడుకుని, నేను కదిలితే లేచి కూర్చునేది.

ఒకనాడు సంపూర్ణ ఇంకా ఊళ్లు తిరిగి రాలేదు. అత్తయ్య డబ్బా దగ్గరికి పోయి, గుడ్డతో పట్టుకుని ఆ మొక్కని వేళ్లతో సహా పెరికింది. ఇంట్లోకి తెచ్చి, పసుపు తాడు కట్టి, కుంకుమ బొట్లు పెట్టి, వీధి తలుపు లోపలి వైపు గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసింది. గుమ్మానికి కలబంద అలా వేళ్లు పైకి ఉండేలా కట్టడం అందరూ చేసేదే, దిష్టి తగలకుండా. అత్తయ్య ఇప్పుడు చేసింది మాత్రం ఆమె సొంత ఆలోచన.

"ఎవరి మీదికి వచ్చిందో వాళ్ల గడపకే తిప్పి కట్టాను. ఇది ఎండిపోవాలి. ఎండితే నిన్ను పట్టింది ఎండిపోతుంది. అందాకా నువ్వు గడప దాటకు."

"ఆస్పత్రికి పోవాలంటే?"

"ఎండాక పో."

"పెరటి దారిన?"

"ఏ దారిన దాటినా దాటినట్టే."

రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, మొక్కని కిందినుంచి పైకి చూశాడు. "పచ్చి మిరపకాయే కళ్లంలో వారం పది రోజులకి గలగలమంటుంది. ఇదెంత? ఎండగానే ఖమ్మం తీసుకెళ్తా," అన్నాడు. ఆయనకి ఎండబెట్టడమంటే మిరపకాయ ఎండబెట్టడమే తెలుసు. నాకు మాత్రం ఏం తెలుసు? సరేనన్నాను.

డబ్బా ఖాళీగా కనబడేసరికి సంపూర్ణ మా వాకిట్లోకి వచ్చింది. అత్తయ్య తలుపు ఓరగా వేసి బయటికి వెళ్లింది.

"నా మొక్క ఏమైంది, పెద్దమ్మా?"

"నాకేం తెలుసు? కోతులెత్తుకుపోయుంటాయి."

"ముళ్లున్నదాన్ని కోతి ముట్టది."

"అయితే ఇంకేదో ఎత్తుకుపోయుంటుంది."

సంపూర్ణ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తలుపు వెనక, ఆ మొక్క కింద, నేను నిలబడి ఉన్నాను.

వారం గడిచింది, పది రోజులు గడిచాయి. అది ఎండలేదు. వానలు తగ్గి గాలి పొడిగా వీస్తోంది. మొదలు దగ్గరి చెమ్మ ఆరి, పుండు మాడినట్టు చెక్కు కట్టింది. పైన పసుపుదనం పోయి మళ్లీ పచ్చ తిరిగింది. రోజూ పొద్దున అత్తయ్య స్టూలెక్కి దాన్ని వేలితో నొక్కి చూసేది. నేల లేదు, నీళ్లు లేవు, తలకిందులుగా ఉరి వేసినా చావట్లేదు. దసరా పోయింది. ఆమె అనుమానం నిజమేనని నేను కూడా పూర్తిగా నమ్మింది ఆ రోజుల్లోనే. కడుపులో బిడ్డ తన్నితే, నాకు గుమ్మం వైపు చూడాలనిపించేది కాదు.

ఓ మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతున్నాను. కళ్ల ముందు మెరుపులు మెరిశాయి. చేతిలో గిన్నె జారింది. గోడ పట్టుకుని నిలబడితే అవతల బట్టలు ఆరేస్తున్న సంపూర్ణ నన్ను చూసింది. చేతిలో తడి చీర అక్కడే వదిలేసింది.

ఆమె వీధి గుమ్మానికి వచ్చేసరికి అత్తయ్య అడ్డం నిలబడి ఉంది. సంపూర్ణ చేతిలో బీపీ మిషను ఉంది.

"లోపలికి రాకు," అంది అత్తయ్య.

"రాను. హైమా, నువ్వే రా."

"అది గడప దాటదు."

"చెయ్యన్నా దాటుతదా?" అంది సంపూర్ణ.

నేను గడప లోపల కూర్చుని చెయ్యి బయటికి చాచాను. సంపూర్ణ గడప అవతల కూర్చుని పట్టీ చుట్టింది. గాలి కొట్టి, వదిలి, మళ్లీ కొట్టింది. ఆమె ముఖంలో రంగు మారింది. నా ముంజేతి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడే పోవాలె. ఖమ్మం దవాఖాన్ల పడాలె. ఆగితే గుర్రపువాతం వస్తది, పెద్దమ్మా. మూర్ఛ లేస్తది. తల్లీ దక్కది, బిడ్డా దక్కది."

"ఎండాక పోతుంది."

"ఏంది ఎండాక?"

నేను తల పైకెత్తి చూపించాను. సంపూర్ణ గడప మీదికి వంగి పైకి చూసింది.

ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె గడప దాటి వచ్చి, స్టూలు లాక్కుని ఎక్కి, పసుపు తాడు తెంపి మొక్కని అరచేతిలోకి తీసుకుంది. ముళ్లు గుచ్చుకుంటున్నా పట్టనట్టు తిప్పి చూసింది. మొదలు దగ్గర చెక్కుని గోటితో గీరింది.

"కుళ్లు ఎండిపోయింది," అంది. "కుళ్లినదాన్ని మట్టిలకెల్లి తీసి గాలికి ఆరబెట్టాలె. నేను చెయ్యలేకపోయిన, పీకితే చస్తదని భయమైంది. బతికింది, పెద్దమ్మా. మీరే బతికిచ్చిండ్రు."

అత్తయ్య రెండడుగులు వెనక్కి వేసింది. బతికించడం అన్న మాటకే ఆమె ముఖం పాలిపోయింది.

"బతికుంటే నా కోడలు దాటదు," అంది. "నువ్వు దాని మీదికి వదిలిన ఈ ముదనష్టపుది బతికున్నన్నాళ్లూ నేను దాన్ని దాటనివ్వను. ఒకదాన్ని చీరలో చుట్టి తీసుకెళ్లాను. మళ్లీ నా చేత మోయించకు."

సంపూర్ణకి అప్పుడు అర్థమైంది. మొక్క కుళ్లడం దగ్గర్నుంచి గోలీల దాకా, కోతుల దాకా, అన్నీ ఒక్కసారి అర్థమైనట్టు ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందులో కోపం ఉంది. నిజంగానే కోపం.

"ఇది ఎండది," అంది నెమ్మదిగా. "ఎడారిది. నెలలకొద్దీ గిట్ల యేలాడదీసినా ఎండది. హైమకి అంత టైము లేదు." చేతిలో మొక్కని ఒక్కసారి చూసుకుంది. "కత్తిపీట తెండి."

ఎవరూ తేకపోతే తానే వంటింట్లోకి పోయి తెచ్చింది. మా వంటింట్లో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. గడప దగ్గర కూర్చుని, కాలితో పీట తొక్కిపట్టి, తమ్ముడు తెచ్చిన మొక్కని దోసకాయ కోసినట్టు అడ్డంగా రెండు ముక్కలు చేసింది.

నేను కళ్లు మూసుకోలేకపోయాను. ఎర్రటిదేదో కారుతుందని చూస్తున్నాను. అత్తయ్యా అదే చూస్తోందని నాకు తెలుసు. లోపల కండ పాలిపోయిన పచ్చగా ఉంది, బూడిద గుమ్మడికాయలా. కోత వెంట చెమ్మ ఊరి, బొట్టు కట్టి, గడప పసుపు మీద పడింది. అత్తయ్య వంగి దాన్ని వేలితో అద్దింది. రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. వాసన చూసింది. చివరికి నాలిక్కి తగిలించుకుంది.

"నీళ్లు," అంది. ఎవరితోనో కాదు, తనలో తను. "ఉట్టి నీళ్లే."

"ఇగ దాటొచ్చా?" అంది సంపూర్ణ.

అత్తయ్య జవాబు కోసం నేను ఆగలేదు. గోడ పట్టుకుని లేచి, గడప దాటాను. అత్తయ్య ఆపలేదు. వీధిలో దిగుతుంటే వెనకనుంచి నా చెప్పులు కాళ్ల దగ్గరికి జరిపింది. వాచిన పాదాలు వాటిలో పట్టలేదు. తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది.

రైలు స్టేషను దగ్గర బొజ్జయ్య కిరాయి జీపు దొరికింది. దారిపొడుగునా సంపూర్ణ నా తల ఒళ్లో పెట్టుకుని, పళ్ల మధ్య పెట్టడానికి గుడ్డ చుట్టిన చెంచా చేతిలో పట్టుకుని కూర్చుంది. దవాఖానాలో డాక్టరమ్మ ఆమెని అందరి ముందూ తిట్టింది, నర్సువై ఉండి ఇంతదాకా ఏం చేస్తున్నావని. సంపూర్ణ తల వంచుకుని విన్నది. మా అత్తయ్య పేరు చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు. కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, అరచెయ్యంత ఉంది, కానీ ఏడ్చింది. కబురంది చేలోంచి వచ్చి వరండాలో నేల మీద కూర్చుని ఉన్న మా ఆయన ఆ ఏడుపు విని తనూ ఏడ్చాడట.

బిడ్డతో ఇంటికొచ్చేసరికి కార్తీకం దాటింది. పెరట్లో వడియాలు ఆరబెట్టే చోట ఒక కొత్త డాల్డా డబ్బా కనబడింది. అందులో ఇసక, ఇసకలో ముళ్ల ముద్ద పై ముక్క.

"పారేద్దామనే తీశాను," అంది అత్తయ్య నేను అడక్కుండానే. "ఆ కింది ముక్క కుళ్లింది. పైది ఎండలేదు. కోసిన చోట చెక్కు కట్టింది. ఊరికే పెట్టి చూశాను."

డబ్బా ఎత్తి చూశాను. అడుగున మేకు బెజ్జాలున్నాయి. ఇసక కింద ఇటుక పెంకులు, బొగ్గు ముక్కలు తగిలాయి. డబ్బా తూర్పు మూలన ఉంది. అనుమానంతో ఇన్నాళ్లూ కాపలా కాసిన మనిషి కదా, సంపూర్ణ చేసిన ఒక్క పనీ మరిచిపోలేదు.

"నువ్వేమైనా నీళ్లు పోశావా దీనికి?" అంది నా పక్కనున్న చెంబు చూసి.

"లేదత్తయ్యా."

"పోయకు. పనివాళ్లకి కూడా చెప్పాను. ఎవరు పోసినా నాకు తెలిసిపోతుంది."

చిగురు చలికాలం వెళ్లాక వచ్చింది, ముళ్ల మధ్య బొడిపెలా. ఆ రోజే అత్తయ్య తలకి పోసుకుని, డబ్బా పట్టుకుని పక్క వాటాకి పోయింది. నేను బిడ్డని ఎత్తుకుని వెనకే వెళ్లాను. సంపూర్ణ బస్సుకి బయల్దేరుతోంది. మా బిడ్డకి సూదులన్నీ ఆమే వేసింది, నాకు మాత్రలు ఇచ్చి ఎదుటే మింగించింది, కానీ మా ఇంటి మజ్జిగ మళ్లీ పుచ్చుకోలేదు.

"నీదే," అంది అత్తయ్య. డబ్బా ముందుకి చాచింది.

సంపూర్ణ రెండు చేతులా అందుకుంది. చిగురు చూసింది, కళ్లు నిండాయి. డబ్బాని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. వాసన చూసింది.

అత్తయ్య ముఖం చిన్నబోయింది. "ఇసకే, అమ్మాయ్," అంది.

"అవ్, పెద్దమ్మా," అంది సంపూర్ణ. డబ్బాని అరుగు మూలన పాత చోటే పెట్టింది.

మర్నాడు తెల్లారుతుండగా అత్తయ్య కళ్లాపి చల్లుతోంది. అరుగు దగ్గరికి వచ్చేసరికి బకెట్ దూరంగా పెట్టేసి, ఆ మూల మాత్రం చీపురుతో పొడిగా ఊడ్చింది. కిటికీ వెనక నిలబడి సంపూర్ణ ఆమె చేతులవైపే చూస్తోంది.